మధ్యాహ్నం పెట్టిన బ్లాంకు

మా లాబ్ పేరు చెప్పను. రణస్థలం దాటాక సరుగుడు తోటల వెనక ఉంటుంది, అంతవరకు చాలు. అందులో ఇరవయ్యారేళ్ళు పనిచేశాను. నా పేరు జగన్నాధం, ఉద్యోగం టెక్నికల్ అసిస్టెంటు. నేను చేసిన పని ఇప్పుడు యంత్రం చేస్తోంది కాబట్టి అదేం పనో చెప్పుకోవాలంటే నాకే కొంచెం సిగ్గు.

అయినా చెప్తాను. అణు విద్యుత్తు కేంద్రాల్లో వాడే యురేనియం పొడి బొటనవేలంత సీసాల్లో మాకు వస్తుంది. అది ఎంత శుద్ధంగా ఉందో మేం తేల్చాలి. ఇనుము ఎంత, కాడ్మియం ఎంత, ఇంకా ముప్పై రకాల చెత్త ఎంతెంత ఉందో లెక్క తీయాలి. వాటన్నిట్లోకీ పెద్ద శని బోరాన్. రియాక్టరు నడవడానికి కావలసిన న్యూట్రాన్లని అది మింగేస్తుంది. కోటి పాళ్ళలో మూడు పాళ్ళు దాటిందంటే సరుకంతా వెనక్కి పోవలసిందే. కోటి బియ్యపు గింజల్లో నాలుగో రాయి కనబడగానే బస్తా తిప్పి పంపేసే ఇంటావిడని ఊహించుకోండి, అలాంటిది మా వ్యవహారం.

నా రోజుల్లో అంతా చేత్తోనే. పొడిని యాసిడ్‌లో కరిగించి, సన్నటి గొట్టంలో నింపిన గుళికల మీద పోసేవాణ్ణి. యురేనియం పసుప్పచ్చగా పట్టీలా పైనే ఆగిపోయేది. చెత్త మాత్రం నీళ్ళలా కిందికి దిగేది. ఆ నీళ్ళని చుక్క చుక్కగా పట్టి కొలిచే యంత్రానికి ఇవ్వాలి. తొందరపడితే పసుపు కూడా దిగిపోతుంది, నిదానిస్తే గుళికలు ఎండిపోతాయి. చుక్కకీ చుక్కకీ మధ్య ఎంత సేపో నాకు గడియారం అక్కర్లేదు.

సరుకు పెట్టేముందు ఒకసారి ఉత్త యాసిడ్, ఉత్త నీళ్ళు పోసి పరీక్ష చేస్తాం. దాన్నే బ్లాంకు అంటాం. అందులో ఏదైనా కనబడిందంటే అది సరుకులోది కాదు. మన గదిలోదో, మన సామాన్లలోదో, మన చేతిలోదో అయి ఉంటుంది. మామూలు గాజులోనూ బోరాన్ ఉంటుంది కాబట్టి మా గదిలోకి గాజు సామాను రానివ్వం. ఒకసారి కొత్తగా వచ్చిన సైంటిస్టు గాజుగ్లాసులో టీ తెచ్చుకుంటే గుమ్మంలోనే ఆపి, ఆ టీ సింకులో పోయించాను. మా మడి ముందు పూజారి గారి మడి ఏపాటి. హైదరాబాదులో పెద్దవాళ్ళు కూడా, 'జగన్నాధం పెట్టిన బ్లాంకా, అయితే మళ్ళీ చూడక్కర్లేదు' అనేవారు. ఆ మాట నేను మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో మా ఆవిడని అడగండి.

కిందటేడు యంత్రం వచ్చింది. ఎనిమిది గొట్టాలు, ఎనిమిది పంపులు, సీసాల్లోంచి ముక్కుతో పొడిచి తీసుకునే ఒక చెయ్యి. దానికి ఆకలి లేదు, నడుంనొప్పి లేదు. మా లాబ్ పెద్ద త్రిపురసుందరి గారు విజయనగరం ఆవిడ, వాళ్ళ నాన్నగారు వీణ నేర్పేవారు. పంపు చప్పుడులో తేడా వస్తే ఆవిడ పక్క గదిలోంచే, "నాలుగోది శ్రుతి తప్పింది, చూడండి" అనేవారు. నన్ను చూసి అలా ఎప్పుడూ అనలేదు, నేను శ్రుతి తప్పలేదు కనక. కానీ నాకు మిగిలిన పనల్లా పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి సీసాల మూతలు తీసి ట్రేలో వరసగా నిలబెట్టడం. ఇడ్లీ రేకులో పిండి వేసినంత పని. మా ఇంట్లో ఆ పని కూడా మా ఆవిడ నాకివ్వదు.

ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి మధ్యాహ్నం భోజనానికి గంట తీరిక దొరికింది. కార్తీకమాసంలో స్టాఫంతా వనభోజనాలకి వెళ్ళినప్పుడు పిల్లలు ఆడుకుంటారని ఒక క్యారమ్ బోర్డు కొన్నాం. పిల్లలు ఒక పూట ఆడి వదిలేశారు. బోర్డు తెచ్చి సైకిల్ షెడ్డులో పెట్టాం. ఆనాటి నుంచి రోజూ ఆటే. జీపు డ్రైవరు కూర్మయ్య, గేటు దగ్గర ధనరాజు, స్టోరులో నరేష్, నేను. చుక్కలు పట్టిన చెయ్యి కదా, నా స్ట్రైకరుకి ఎదురుండేది కాదు. పౌడరు చల్లుకుని కూర్చుంటే రెండు గంటల బెల్లు కొట్టేదాకా లేచేవాణ్ణి కాదు. రోజూ పొద్దున్న ఉతికిన లాబ్ కోటే వేసుకునేవాణ్ణి. దాన్ని విప్పి బయటికెళ్ళాలని రూలుంది. ఆ రూలు గోడ మీద అంటించింది నేనే. నాకెవరు చెప్తారు.

కుమారి మా జగ్గమ్మప్ప కూతురు. జగ్గమ్మప్ప మా చిన్నాన్న కూతురు, కోటబొమ్మాళిలో ఇచ్చారు. కుమారి బీయస్సీ చదివింది. ఐదేళ్ళ కిందట నేనే మాట చెప్పి కాంట్రాక్టు మీద పెట్టించాను. సీసాలు యాసిడ్‌లో నానబెట్టి కడగడం ఆమె పని. ఆ పనిని ఎవరూ పనిగా చూడరు గానీ, బ్లాంకు అక్కడే పుడుతుంది. కుమారి కడిగిన సీసాకి నేనెప్పుడూ వంక పెట్టలేదు. ఈ మార్చికల్లా ఇద్దరు కాంట్రాక్టు వాళ్ళని పర్మనెంటు చేస్తామని కిందటి డిసెంబరులో ఆర్డరు వచ్చింది. జాబితాలో రెండో పేరు ఆమెదే. జూన్‌కి ఆమె వయసు పరిమితి దాటిపోతుంది. ఇది తప్పితే ఇంకెక్కడా అప్లికేషను కూడా పెట్టుకోలేదు. అంటే ఆ పిల్ల బతుకంతా ఆ జాబితాలో రెండో నంబరు మీద ఆగి ఉంది.

అలాంటి టైములో బ్లాంకుల్లో బోరాన్ పెరిగింది. కోటిలో ఒకటి దాటని చోట నాలుగు, ఐదు. రెండు బాచీలు ఆపేశారు. హైదరాబాదు నుంచి ఘాటుగా ఉత్తరం వచ్చింది.

నిజం చెప్పొద్దూ, లోపల్లోపల పండగ చేసుకున్నాను. యంత్రం బోల్తా పడిందని అందరికీ చెప్పాను. చుక్క విలువ మనిషికి తెలుస్తుంది గానీ పంపుకేం తెలుసని క్యాంటీన్లో ఉపన్యాసాలిచ్చాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని నరేష్ నా వెనక నవ్వాడట. నవ్వితే నవ్వాడు.

యంత్రం కంపెనీ వాళ్ళు ప్రద్యుమ్న అనే ఇంజనీరుని పంపించారు. మర్యాదస్తుడు. మూడు రోజులు పొద్దున్నే వచ్చి, తన చేత్తోనే బ్లాంకులు పెట్టి, మధ్యాహ్నానికి భోగాపురం హోటలుకి పోయేవాడు. మూడు రోజులూ బ్లాంకు కడిగిన ముత్యంలా వచ్చింది.

"మెషీన్‌లో ఏమీ లేదు మేడమ్," అన్నాడు వెళ్తూ వెళ్తూ. "మనుషుల దగ్గర చూసుకోండి. సీసాలు ఎవరు కడుగుతారు?"

వెళ్ళి చూస్తే కడిగే గట్టు కింద ఒక గాజు బీకరు దొరికింది. పక్క హాలు వాళ్ళది, ఎవరో అక్కడ వదిలేశారు. కుమారి ఆ మాటే చెప్పింది. కానీ గాజు గాజే, గట్టు కుమారిది.

ఆ సాయంత్రం కుమారి నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక నోటు పుస్తకం.

"మావా, ఓపాలి ఇది సూడు. మిషను రోజుకో సగటు అంకె ఇస్తన్నాది గదా. నాను ఏ రన్నుకా రన్ను రాసుకున్నాను. పొద్దుట పెట్టిన బ్లాంకులు నీటుగున్నాయి. మద్దేనం పెట్టినవే పెరుగుతన్నాయి. ఇరవై రోజులూ అంతే."

"మద్దేనం ఎండకి మిషను ఏడెక్కుతాదే," అన్నాను.

"పుష్యమాసంలో ఎండేటి మావా, అదీ ఏసీ గదిలో."

పుస్తకం అక్కడ పెట్టమన్నాను.

"నువ్వే మేడమ్ గారికి సూపించు. నా మాట ఎవులింటారు, సీసాలు కడిగీదాన్ని. నువ్వు సెప్తే ఇంటారు."

"సూపిస్తాను లే," అన్నాను.

ఆమె వెళ్ళాక తిరగేశాను. గుండ్రటి అక్షరాలతో గీతలు గీసి, తేదీ, వేళ, అంకె. చివరి గడిలో సీసాలు ట్రేలో పెట్టిందెవరో రాసింది. ఇరవై మధ్యాహ్నాలకీ ఎదురుగా ఒకే మాట, మావ, మావ, మావ. పేరు రాయడానికి ఆ పిల్లకి చెయ్యి రాలేదు.

మర్నాడు శుక్రవారం, భోజనాలయ్యాక షెడ్డులో పౌడరు అయిపోయింది. నరేష్ కొత్త పొట్లం చింపి నా చేతికిచ్చాడు. పొట్లం మీద పెద్ద అక్షరాలతో బోరిక్ పౌడరు అని ఉంది. రెండు నెలలుగా ఆ పొట్లాలు నా చేత్తో చింపుతున్నాను. బోరాన్ పేరెత్తితే గాజుగ్లాసుని గుమ్మం దాటనివ్వని వాణ్ణి, అది నా ఒళ్ళో కూర్చుని ఉంటే ఆటవస్తువనుకున్నాను. నా కోటు చేతులు చూసుకున్నాను. మణికట్టు దగ్గర తెల్లగా ఉంది.

ఆ మధ్యాహ్నం రెండు సీసాల్లో ఉత్త యాసిడ్ పోశాను. ఒకదాన్ని కొత్త కోటు వేసుకుని పెట్టాను. రెండోదాని మీద షెడ్డులో వేసుకున్న కోటు చెయ్యి ఒక్కసారి విదిలించాను. మొదటిది సున్నకి దగ్గరగా వచ్చింది. రెండోది పదకొండు. ఆ అంకె చూసి ఆ రెండు రన్నులూ చెరిపేశాను. ఇరవయ్యారేళ్ళలో నేను చెరిపిన అంకెలు అవే.

చెప్పేద్దామనే మేడమ్ గదికి వెళ్ళాను. ప్రమాణం చేసి చెప్తున్నాను, చెప్పేద్దామనే వెళ్ళాను. ఆవిడ తలెత్తి, "రండి జగన్నాధం గారూ. మీరు చేత్తో చేసిన రోజుల్లో ఎప్పుడైనా ఇలా జరిగిందా?" అని అడిగారు. ఆ గొంతులో నా మీద అంత గౌరవం ఉంది.

"లేదండీ," అన్నాను.

అడిగిన దానికి అబద్ధం కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. మనిషికి ఇలాంటి తెలివి ఎక్కణ్ణించి వస్తుందో. జూన్‌లో నా రిటైర్మెంటు. నాకు భయం పెన్షను గురించి కాదు. ఇరవయ్యారేళ్ళు మడి కట్టుకుని ఆఖరి ఆర్నెల్లూ క్యారమ్ ఆడి లాబ్ పాడుచేశాడని అనిపించుకోలేను, అంతే. ఆ ఒక్క పేరు తప్ప నా దగ్గర ఏమీ లేదు, అది కూడా యంత్రం సగం తినేసింది.

సోమవారం కుమారిని పిలిచారు. మేడమ్, ఆఫీసు నుంచి యుగంధర్ గారు, నేను. కుమారి నిలబడే ఉంది. యుగంధర్ గారు బీకరు గురించి అడిగితే తనది కాదని చెప్పింది.

"నాను అంకెలన్నీ రాసిపెట్టేనండి," అంది. "మద్దేనం రన్నులే తేడా వస్తన్నాయి. ఆ పుస్తకం మావకి ఇచ్చేను."

అందరూ నా వైపు తిరిగారు. పుస్తకం నా బల్ల సొరుగులో ఉంది. లేచి తేవాలంటే పదడుగులు.

"ఏదో పుస్తకం ఇచ్చిందండీ," అన్నాను. "పనిలో పడి చూడలేదు. ఇంట్లో ఎక్కడో పెట్టాను."

కుమారి నన్ను చూసింది. కోపం లేదు. నేను నోరుజారానేమో, ఇప్పుడే సర్దుకుంటానేమో అని ఆగింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కాసేపు చూసి చూపు దించుకుంది. ఆ చివరి గడిలో ఏం రాసిందో అక్కడ చెప్పి ఉంటే నా పని అయిపోయేది. చెప్పలేదు. రెండు వారాలు డ్యూటీకి రావద్దన్నారు.

ఆ రోజే క్యారమ్ మానేశాను. బొటనవేలు నొప్పి అన్నాను. బోర్డు నరేష్ చేత స్టోరులో పడేయించాను, పొట్లాలు చెత్తకుప్పలో వేశాను, కోట్లన్నీ మూడేసిసార్లు ఉతికించాను. నేను వేసుకున్న లెక్క ఇది. బోరాన్ దానంతటదే పోతే గొడవా పోతుంది, గొడవ పోతే కుమారిని వెనక్కి పిలుస్తారు, ఎవరికీ ఏమీ కాదు. లాబ్‌లో అంతకాలం ఉండి ఇంత చిన్న లెక్క తప్పాను.

మంగళవారం బ్లాంకులు శుభ్రంగా వచ్చాయి. బుధవారమూ అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. గురువారం మేడమ్ నన్ను పిలిచి స్క్రీను చూపించారు.

"చూశారా జగన్నాధం గారూ. ఆ అమ్మాయి రాని మొదటి రోజు నుంచే పోయింది. నాకు మనసొప్పక ఇన్నాళ్ళూ ఆగాను. ఇంక రుజువేం కావాలి?"

ఆవిడ నిజంగానే బాధపడుతున్నారు. ఆట మానకుండా ఉంటే సరిపోయేది. ఆ పిల్ల లేనప్పుడు కూడా మధ్యాహ్నం బ్లాంకు పాడయ్యేది, ఆమె తప్పేం లేదని యంత్రమే సాక్ష్యం చెప్పేది. పాపం కడుక్కుందామని నేను చేసిన ఒక్క మంచిపనే ఆమె మెడకి చుట్టుకుంది.

మర్నాడు రణస్థలం కొట్లో బోరిక్ పౌడరు కొని, చిటికెడు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఒక్క చిటికెడు సీసాల మీద రాలిస్తే చాలు. మూతలు తీశాను. ట్రే ముందు నిలబడ్డాను. కావాలని బ్లాంకు పాడుచెయ్యడానికి చెయ్యి రాలేదు. నిష్ఠ అనుకుంటారేమో. అది నిష్ఠ కాదు. అప్పటికి రెండు రోజులుగా కారిడార్లో, జగన్నాధం గారు మళ్ళీ దగ్గరుండి చూస్తున్నారు కాబట్టే బ్లాంకులు దారికొచ్చాయని అనుకుంటున్నారు. ఆ మాట నా చెవిన పడింది. దాన్ని పోగొట్టుకోవడానికి నా చెయ్యి రాలేదు. కాగితం పొట్లం బాత్రూమ్‌లో పారేశాను.

మార్చిలో ఆఖరి జాబితా వచ్చింది. రెండో పేరు వేరేది. కుమారి కాంట్రాక్టు మళ్ళీ రాయలేదు. బ్లాంకులు బాగుచేసినందుకు నాకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. మా ఆవిడ దానికి ఫ్రేము కట్టించింది. గోడకి తగిలించవద్దంటే ఎందుకని అడిగింది. మేకు వంకరగా ఉందన్నాను.

ఏప్రిల్లో ఒక ఆదివారం చీపురుపల్లిలో రైలెక్కి కోటబొమ్మాళి వెళ్ళాను. స్టేషను నుంచి నడుచుకుంటూ, ఏం చెప్పాలో మాటలు పేర్చుకుంటూ వెళ్ళాను. జగ్గమ్మప్ప పొలానికి వెళ్ళింది. కుమారి ఒక్కతే ఉంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది.

"రా మావా. ఎండలో వచ్చేవు. ఉండు, టీ ఎడతాను."

ఆ చేతులు చూశాను. పలాస జీడిపప్పు మిల్లులో పనికి వెళ్తోందట, రోజూ పొద్దుటి బండికి. జీడి రసానికి వేళ్ళు నల్లగా కమిలి, తోలు లేచిపోయి ఉన్నాయి. ఐదేళ్ళు యాసిడ్‌తో పని చేసి కూడా ఒక్క మచ్చ పడనివ్వని చేతులవి.

పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "కుమారీ, అది నా కోటు వల్లేనే. క్యారమ్ పౌడరు," అన్నాను.

"తెలుసు మావా," అంది, టీ గ్లాసు నా ముందు పెట్టి. "నీ సేతుల మీద తెల్లగా ఉండీది. అదేటో ఎన్నాళ్ళకి గానీ తెల్లేదు నాకు. తెలిసే పుస్తకం నీ సేతిలో ఎట్టేను. నాను సెప్తే నీ పరువు పోతాది. నువ్వు సెప్తే పోదు, పెద్దమనిషి ఒప్పుకున్నాడంటారు."

"అక్కడే ఎందుకు సెప్పీలేదు మరి?"

"నువ్వు సెప్తావని ఆగేను."

బయట ఎవరో ఆవుని తోలుకెళ్తున్నారు. ఏడుపొచ్చింది నాకు. ఆమెకి రాలేదు.

"ఇప్పుడేటి సెయ్యమంటావే?" అన్నాను.

కుమారి లోపలికి వెళ్ళి ఒక తెల్లకాయితం, పెన్ను తెచ్చింది. కాయితం కింద ఆనించుకోడానికి ఒక పుస్తకం కూడా పెట్టింది.

"ఇప్పుడు నాకు సెప్పినదే రాసి, కింద సంతకం ఎట్టు మావా. జూన్ లోపల మేడమ్ గారికి పంపిస్తాను. ఆవిడ మంచిది, సూస్తాది. జూన్ దాటితే ఇంక నాకు ఏటీ నేదు."

పెన్ను తీసుకున్నాను. కాయితం పైన తేదీ వేశాను. త్రిపురసుందరి మేడమ్ గారికి, అని రాశాను. తరవాత నేను అని రాయాలి. ఆ కాయితం చదివేటప్పుడు ఆవిడ ముఖం ఎలా మారుతుందో కనబడింది. రిటైర్మెంటు రోజు వేసే దండ, మాట్లాడే నలుగురు, వెనక వరసలో నవ్వే నరేష్, అందరూ కనబడ్డారు. పెన్ను కింద పెట్టాను.

"కళ్ళజోడు తేనేదమ్మా," అన్నాను. "అచ్చరాలు ఆనట్లేదు. ఇంటికెళ్ళి రాసి పంపిస్తాను."

కళ్ళజోడు చొక్కా పై జేబులో ఉంది. సగం బయటికే ఉంది. కుమారి దాన్ని చూసింది, నన్ను చూసింది. కాయితం మెల్లగా నా చేతి కింద నుంచి తీసి, మడిచి, పుస్తకంలో పెట్టింది.

"టీ సల్లారిపోతన్నాది మావా," అంది. "తాగు."

తాగాను.